విదేశీ అతిథి – ప్రభుత్వ ప్రయత్నాలు – మన పాత్ర



వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని వార్డెన్ మేడమ్ ఫోను చేసినప్పుడు, నేను పి.జి.లో చదువుతున్న పర్యాటక రంగం గురించే రాస్తానని చెప్పాను. ఈ కోర్సులో సీటు వచ్చిందని ఇంట్లో చెప్పిన రోజు మా నాయిన "ఊర్లు తిరుగుడు గూడ ఒక సదువేనా బిడ్డా?" అని అడిగాడు. మా ఇంట్లో డిగ్రీ పూర్తి చేసిన మొదటి మనిషిని నేను. అయినా ఆ రోజు నాయినకు సరైన జవాబు చెప్పలేకపోయాను. ఈ వ్యాసాన్ని ఆ జవాబు అనుకోండి.

ముందుగా ఒక సంగతి చెబుతాను. నేను తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు మన హాస్టలు నుంచి ఒక పాత గుడికి విహారయాత్రకు తీసుకుపోయారు. పులిహోర తిని చెట్ల కింద కూర్చున్నాం. ఇంతలో ఒక కారు వచ్చి ఆగింది. విదేశీ దంపతులు దిగారు. మేమంతా చుట్టూ మూగి "హలో", "వాట్ ఈజ్ యువర్ నేమ్" అని అరవడం, నవ్వుకోవడం. కొంచెంసేపటికి ఆమె నా దగ్గరికి వచ్చి నెమ్మదిగా ఏదో అడిగింది. అర్థం కాలేదు. రెండోసారి అడిగినప్పుడు "టాయిలెట్" అనే మాట ఒక్కటే చెవిన పడింది. అక్కడ మరుగుదొడ్డి ఉంది. దానికి తాళం ఉంది. తాళంచెవి ఉన్న మనిషి మాత్రం భోజనానికి ఊళ్ళోకి పోయాడు. చివరికి గుడి వెనక ఇంట్లో ఉండే అవ్వను బతిమాలి ఆమెను అక్కడికి తీసుకుపోయాను. బయటికి వచ్చాక ఆమె రెండు చేతులూ జోడించి అవ్వకు దండం పెట్టింది. వాళ్ళది జర్మనీ అని డ్రైవరన్న చెప్పాడు.

వేల మైళ్ళు ఎగిరి వచ్చిన మనిషి ఒక చిన్న తాళం దగ్గర ఆగిపోయింది. ఇప్పుడు క్లాసులో పర్యాటక విధానాల గురించి ఏ పాఠం విన్నా నాకు ఆ తాళమే గుర్తుకొస్తుంది.

విదేశీ పర్యాటకుడు అంటే ఎవరు?

కెమెరా మెడలో వేసుకున్న తెల్లవాళ్ళే విదేశీ పర్యాటకులు అని మనం అనుకుంటాం. ప్రభుత్వ లెక్క వేరు. వేరే దేశపు పాస్‌పోర్టుతో మన దేశంలోకి వచ్చి, కనీసం ఒక రోజు ఉండి, ఇక్కడ ఉద్యోగం చేసి సంపాదించడానికి కాకుండా ఇతర పనులమీద వచ్చిన వారిని విదేశీ పర్యాటకులుగా లెక్కిస్తారు. విమానాశ్రయాల్లో, సరిహద్దుల్లో ఉండే ఇమ్మిగ్రేషన్ కౌంటర్లే ఈ లెక్కకు ఆధారం. వైద్యం కోసం వచ్చినా, వ్యాపారం మీద వచ్చినా, బంధువుల పెళ్ళికి వచ్చినా లెక్కలోకి వస్తారు. అమెరికా పౌరసత్వం తీసుకున్న మన తెలుగువారు సంక్రాంతికి అమ్మానాన్నల్ని చూడటానికి వస్తే, వారు కూడా ఈ లెక్కలో విదేశీ పర్యాటకులే! భారత పాస్‌పోర్టుతో దుబాయి నుంచి వచ్చే మన అన్నలు మాత్రం ఇందులోకి రారు, వారిని ప్రవాస భారతీయులుగా వేరే లెక్కిస్తారు. 2023లో వచ్చిన విదేశీ పర్యాటకులలో దాదాపు నాలుగో వంతు భారత సంతతి వారే. అమెరికా, బంగ్లాదేశ్, బ్రిటన్ దేశాల నుంచి ఎక్కువ మంది వస్తున్నారు.

ప్రభుత్వానికి ఎందుకింత ఆసక్తి?

మన గుంటూరు మిర్చి విదేశాలకు పోతే మనకు డాలర్లు వస్తాయి. అందుకు పంట పండించాలి, మూటలు కట్టాలి, ఓడ ఎక్కించాలి. పర్యాటకంలో కొనేవాడే మన గడప దగ్గరికి వస్తాడు. చార్మినార్‌ను చూసిపోతాడు గానీ ఎత్తుకుపోడు. రేపు మరొకరికి అదే చార్మినార్‌ను చూపించవచ్చు. అందుకే ఆర్థికవేత్తలు దీన్ని కూడా ఒక విధమైన ఎగుమతిగానే చూస్తారు. 2023లో ఈ రంగం ద్వారా మన దేశానికి దాదాపు 2.3 లక్షల కోట్ల రూపాయల విలువైన విదేశీ మారకం వచ్చింది. పైగా ఈ పని యంత్రాలతో జరిగేది తక్కువ. వంట చేయడానికి, గది శుభ్రం చేయడానికి, బండి నడపడానికి, కథ చెప్పడానికి మనుషులే కావాలి.

పిలుపు: ప్రచారం

స్వాతంత్ర్యం వచ్చిన తర్వాత చాలాకాలం పర్యాటకానికి పెద్ద పీట వేయలేదు. 1966లో భారత పర్యాటక అభివృద్ధి సంస్థ ఏర్పడింది. మొదటి జాతీయ పర్యాటక విధానం 1982లో వచ్చింది. 1991ను 'విజిట్ ఇండియా' సంవత్సరంగా జరిపారు.

అసలు మలుపు 2002లో వచ్చింది. అంతకుముందు ఏడాది సెప్టెంబరులో అమెరికాపై, డిసెంబరులో మన పార్లమెంటుపై ఉగ్రవాద దాడులు జరిగాయి. సరిహద్దుల్లో సైన్యం మోహరించింది. ప్రయాణాలంటే ప్రపంచమంతా భయపడుతున్న కాలం. 2000లో 26.5 లక్షలున్న విదేశీ పర్యాటకుల సంఖ్య 2002 నాటికి 23.8 లక్షలకు పడిపోయింది. ఆ పరిస్థితిలో కేంద్ర పర్యాటక శాఖ 'ఇన్‌క్రెడిబుల్ ఇండియా' ప్రచారాన్ని మొదలుపెట్టింది. అంటే 'అబ్బురపరిచే భారతం' అని అర్థం. అప్పుడు ఆ శాఖలో సంయుక్త కార్యదర్శిగా ఉన్న అమితాబ్ కాంత్ దీనికి ముఖ్య బాధ్యుడు. ఇండియా అనే మాటలోని మొదటి ఇంగ్లీషు అక్షరం స్థానంలో ఆశ్చర్యార్థక గుర్తు పెట్టడం ఆ ప్రకటనకు గుర్తింపు తెచ్చింది. అంతకుముందు ఒక్కో దేశంలోని కార్యాలయం ఒక్కో తీరుగా ప్రకటనలు ఇచ్చేది. ఇప్పుడు దేశం మొత్తానికి ఒకే పేరు, ఒకే గుర్తు వచ్చాయి. 2007లో బెర్లిన్‌లో జరిగిన అంతర్జాతీయ పర్యాటక ప్రదర్శనలో భారత్ భాగస్వామి దేశంగా నిలిచింది.

2008 నాటికి వచ్చేవారి సంఖ్య 52.8 లక్షలకు చేరింది. అంటే ఆరేళ్ళలో రెట్టింపు దాటింది. ఇదంతా ప్రకటనల గొప్పే అనుకుంటే పొరపాటు. అదే కాలంలో విమాన సర్వీసులు పెరిగాయి, సాఫ్ట్‌వేర్ రంగం వల్ల వ్యాపార ప్రయాణాలు పెరిగాయి. ప్రకటన మనిషికి ఆశ పుట్టిస్తుంది. ఆశ పుట్టిన మనిషి టిక్కెట్టు కొనాలంటే దారి కూడా ఉండాలి కదా!

తలుపు: వీసా

వీసా అంటే మన ఇంటి గడప దాటడానికి ఇచ్చే అనుమతి పత్రం. పూర్వం ఒక విదేశీయుడు మన దేశం రావాలంటే వాళ్ళ దేశంలోని భారత రాయబార కార్యాలయానికి కాగితాలు పంపాలి, రోజుల తరబడి ఎదురుచూడాలి. అన్ని రోజులు ఆగలేనివాళ్ళు వేరే దేశానికి పోయేవారు.

2010 జనవరిలో జపాన్, సింగపూర్, ఫిన్లాండ్, న్యూజిలాండ్, లక్సెంబర్గ్ అనే అయిదు దేశాలవారికి ఇక్కడ దిగాక వీసా ఇచ్చే పద్ధతి పెట్టారు. 2014 నవంబరు 27న అంతకంటే పెద్ద మార్పు వచ్చింది. 40కి పైగా దేశాలవారు ఇంట్లో కూర్చునే ఇంటర్నెట్‌లో దరఖాస్తు చేసుకుని, ఫోటో, పాస్‌పోర్టు పేజీ పంపి, రుసుము కడితే అనుమతి ఈ-మెయిల్‌లో వచ్చేస్తుంది. దిగాక వేలిముద్రలు తీసుకుంటారు. మొదట ఈ సౌకర్యం కల్పించిన తొమ్మిది విమానాశ్రయాల్లో మన హైదరాబాదు ఒకటి. తర్వాత ఇది 150కి పైగా దేశాలకు విస్తరించింది. దీన్నే ఈ-వీసా అంటున్నాం.

2019లో రుసుములో కూడా ఒక తెలివైన మార్పు చేశారు. ఎండలు మండే ఏప్రిల్ నుంచి జూన్ వరకు ఎవరూ రారు. అందుకని ఆ మూడు నెలలకు 30 రోజుల వీసా 10 డాలర్లకే, మిగతా నెలల్లో 25 డాలర్లకు ఇస్తామన్నారు. మన బట్టల దుకాణాల్లో ఆషాఢం డిస్కౌంటు లాంటిదన్నమాట! కరోనా తర్వాత 2021లో మొదటి 5 లక్షల మందికి పర్యాటక వీసాలు ఉచితమని ప్రకటించారు. 2024లో 'చలో ఇండియా' పేరుతో మరొక పథకం ప్రకటించారు. విదేశాల్లోని భారతీయులు తమ విదేశీ మిత్రుల్ని ఇక్కడికి పంపించేలా, వారికి ఉచిత వీసాలు ఇచ్చేలా దాన్ని రూపొందించారు.

ఇల్లు: అతిథి దేవో భవ

పిలిచాం, తలుపు తీశాం. లోపలికి వచ్చినవారిని ఎలా చూస్తున్నాం? ఈ ప్రశ్నతోనే 2005లో 'అతిథి దేవో భవ' కార్యక్రమం మొదలైంది. తైత్తిరీయోపనిషత్తులోని మాట ఇది. టాక్సీ డ్రైవర్లకు, గైడ్లకు, ఇమ్మిగ్రేషన్ సిబ్బందికి మర్యాద, శుభ్రత, భద్రతలపై శిక్షణ ఇవ్వడం దీని ఉద్దేశం. అప్పుడు కేంద్ర పర్యాటక మంత్రి మన ఖమ్మం ఎం.పి. రేణుకా చౌదరి గారు. తర్వాత 2012 నుంచి 2014 వరకు సినీ నటుడు చిరంజీవి గారు, 2021 నుంచి 2024 వరకు జి. కిషన్ రెడ్డి గారు ఈ శాఖను చూశారు. ఇరవై ఏళ్ళలో ముగ్గురు తెలుగువారు ఈ శాఖ మంత్రులు కావడం విశేషమే.

2009లో ఆమిర్ ఖాన్‌తో టీవీ ప్రకటనలు తీశారు. వాటిలో విశేషమేమిటంటే అవి విదేశీయుల కోసం తీసినవి కావు, మన కోసమే. పర్యాటకుల్ని మోసం చేయకండి, వేధించకండి, గోడలమీద పేర్లు చెక్కకండి అని మనకే చెప్పారు. 2016లో 1363 నంబరుతో పగలూ రాత్రీ పనిచేసే సహాయవాణి వచ్చింది. హిందీ, ఇంగ్లీషులతో పాటు పది విదేశీ భాషల్లో జవాబు ఇవ్వడం దాని ప్రత్యేకత.

అయితే అతిథి దేవుడు అంటూనే టిక్కెట్టు దగ్గర వేరే లెక్క ఉంది. 2018లో సవరించిన ధరల ప్రకారం చార్మినార్ ఎక్కడానికి మనకు 25 రూపాయలు, విదేశీయులకు 300 రూపాయలు. తాజ్‌మహల్ ప్రవేశానికి మనకు 50, వారికి 1,100. మన పన్నులతో ఆ కట్టడాలను కాపాడుతున్నాం కాబట్టి మనకు తగ్గింపు న్యాయమే. విమాన ఛార్జీ భరించినవాడికి 300 పెద్ద భారం కాకపోవచ్చు. కానీ పన్నెండు రెట్లు తీసుకున్నప్పుడు మంచినీళ్ళు, మరుగుదొడ్డి, అర్థమయ్యే బోర్డు ఉండాలని అతను ఆశిస్తే తప్పు పట్టలేం.

ఫలితం ఎంత?

2017లో మొదటిసారి విదేశీ పర్యాటకులు కోటి దాటారు. 2019లో 1.09 కోట్ల మంది వచ్చారు. కరోనాతో 2020లో 27.4 లక్షలకు, 2021లో 15.2 లక్షలకు పడిపోయింది. 2023ను మళ్ళీ 'విజిట్ ఇండియా' సంవత్సరంగా ప్రకటించారు. ఆ ఏడాది 95.2 లక్షలు, 2024లో దాదాపు 99.5 లక్షలు. అంటే 2019 నాటి మెట్టును 2024లో కూడా అందుకోలేదు.

ప్రపంచంలో విదేశాలకు ప్రయాణించేవారు వంద మంది అనుకుంటే మన దగ్గరికి వచ్చేది ఒక్కరికంటే తక్కువ. మనకంటే ఎంతో చిన్న దేశమైన థాయిలాండుకు 2019లో దాదాపు 4 కోట్ల మంది వెళ్ళారు. అక్కడ చాలా దేశాలవారికి వీసాయే అవసరం లేదు. తక్కువ ధరలో శుభ్రమైన గది దొరుకుతుంది. ఒంటరిగా వెళ్ళిన ఆడమనిషి కూడా ధైర్యంగా తిరగగలదన్న పేరుంది. మన దేశంలో ఒక విదేశీ మహిళపై దాడి జరిగితే ఆ వార్త ప్రపంచమంతా పాకుతుంది, కోట్లు పెట్టి చేసిన ప్రచారం ఒక్కరోజులో కొట్టుకుపోతుంది. నాకు మాత్రం దీనిలో మరో మాట కనిపిస్తుంది. మనం రాత్రి ఎనిమిదికి బస్టాండు నుంచి హాస్టలుకు భయం లేకుండా నడిచి రాగలిగే ఊళ్ళోనే విదేశీ మహిళ కూడా భయం లేకుండా తిరగగలదు. మనకొక భద్రత, ఆమెకొక భద్రత ఉండవు.

ఇక విదేశాల్లోని భారత పర్యాటక కార్యాలయాలను 2023లో మూసివేశారు. ఇంటర్నెట్ వచ్చాక అవి అవసరం లేదని కొందరు, పిలిచేవాడే లేకపోతే ఎవరొస్తారని కొందరు వాదిస్తున్నారు.

ఆ డబ్బు ఎవరింటికి చేరుతుంది?

పుస్తకాల్లో నాకు బాగా నచ్చిన పాఠం ఇది. చిల్లుబిందెతో నీళ్ళు మోస్తే ఇల్లు చేరేసరికి సగమే మిగులుతాయి. పర్యాటకుడి డబ్బు కూడా అంతే. విమానం ఛార్జీ విమాన కంపెనీకి, ప్యాకేజీ డబ్బు పెద్ద నగరపు ట్రావెల్స్‌కు, గది అద్దె స్టార్ హోటల్‌కు పోగా, ఆ గుడి ఉన్న ఊరికి మిగిలేది ఒక కొబ్బరిబోండం, ఒక టీ. పర్యాటకులు ఎంతమంది వచ్చారన్న లెక్కతో పాటు, ఊళ్ళో ఎంత మిగిలిందన్న లెక్క కూడా చూడాలి.

పోచంపల్లిని చూడండి. 2021లో ఐక్యరాజ్యసమితి ప్రపంచ పర్యాటక సంస్థ దాన్ని ఉత్తమ పర్యాటక గ్రామాల్లో ఒకటిగా ఎంపిక చేసింది. అక్కడికి వచ్చిన అతిథి మగ్గం దగ్గర కూర్చుని, దారానికి రంగు ఎలా అద్దుతారో చూసి, ఆ ఇంట్లోనే చీర కొంటే డబ్బు నేరుగా నేసిన చేతికి చేరుతుంది. అదే ఏడాది జులైలో ములుగు జిల్లా పాలంపేటలోని రామప్ప గుడికి యునెస్కో ప్రపంచ వారసత్వ హోదా వచ్చింది. 1213లో కాకతీయ సేనాని రేచర్ల రుద్రుడు కట్టించిన గుడి అది. నీటిలో తేలే ఇటుకలతో గోపురం, ఇసుక పునాది గురించి మీరు పాఠంలో చదివే ఉంటారు. నాగార్జునసాగర్ దగ్గర 274 ఎకరాల్లో బుద్ధవనం 2022లో ప్రారంభమైంది. 2006 జనవరిలో దలైలామా గారు అమరావతిలో కాలచక్ర జరిపినప్పుడు ఎన్నో దేశాల బౌద్ధులు అక్కడికి వచ్చారు. ఇలాంటి చోట్ల కథ చెప్పేవారు, అన్నం పెట్టేవారు, గది ఇచ్చేవారు ఆ ఊరివారే అయితే బిందె నిండుగా ఇల్లు చేరుతుంది.

మనకేమిటి దారి?

చెల్లెళ్ళారా, ఇక్కడే మన మాట వస్తుంది. ఈ రంగంలో ఉద్యోగాలు డాక్టరు, ఇంజనీరు ఉద్యోగాలంత పేరున్నవి కావు. పని గంటలు ఎక్కువ, మొదట్లో జీతం తక్కువ. అది దాచను. కానీ చేరే దారులు ఉన్నాయి. ఇంటర్ తర్వాత జాతీయ స్థాయి ప్రవేశ పరీక్ష రాస్తే ప్రభుత్వ హోటల్ మేనేజ్‌మెంట్ కళాశాలల్లో చేరవచ్చు. హైదరాబాదులో, తిరుపతిలో అలాంటివి ఉన్నాయి. హైదరాబాదులోని ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయంలో జర్మన్, ఫ్రెంచి, జపనీస్ వంటి భాషలు నేర్పుతారు. ఎనిమిదో తరగతి చదివిన యువతకు కూడా హోటల్ పనుల్లో ఉచిత శిక్షణ ఇచ్చేందుకు కేంద్రం 2009-10లో 'హునర్ సే రోజ్‌గార్ తక్' అనే పథకం పెట్టింది. గైడు కావాలనుకునేవారికి కేంద్ర పర్యాటక శాఖ ఆన్‌లైన్ కోర్సు తెచ్చింది. వీటి అర్హతలు అప్పుడప్పుడు మారుతుంటాయి. చేరేముందు ఆ ఏడాది నోటిఫికేషన్ తప్పక చూడండి. ఎవరో చెప్పారని ఏజెంటుకు డబ్బు మాత్రం కట్టకండి.

అన్నిటికంటే ముందు మాట్లాడటానికి సిగ్గు వదలండి. ఆ రోజు నాకు తెలిసిన ఇంగ్లీషు వ్యాసం అంతా ఆవు గురించే. ఎదుటి మనిషి అవసరం అడిగితే ఒక్క ముక్క నోటికి రాలేదు.

మళ్ళీ ఆ గుడికి

పోయిన ఏడాది మా ప్రాజెక్టు పనిమీద ఆ పాత గుడికే వెళ్ళాను. ఇద్దరు విదేశీ పర్యాటకులు కనిపిస్తే నేనే దగ్గరికి వెళ్ళి, స్తంభాలమీద శిల్పాల గురించి అరగంట ఇంగ్లీషులో వివరించాను. ఇంటికొచ్చి చెబితే నాయిన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నాడు: మా తాత ఆ గుడి చుట్టూ జీవితమంతా పశువులు కాశాడట. ఏనాడూ లోపలికి పోలేదట. పోకూడదని ఎవరూ బోర్డు పెట్టలేదు, అయినా అందరికీ తెలుసు. "ఆయన బయట నిలబడ్డడు. నువ్వు లోపల నిలబడి దేశంగాని దేశపోళ్ళకు సమ్జాయించినవ్" అన్నాడు.

అతిథి దేవుడే. కాదనను. కానీ సొంత ఊరివాణ్ణి గడప బయట నిలబెట్టిన ఇల్లు అతిథికి ఎంత మర్యాద చేసినా అది పూర్తి మర్యాద కాదు. ప్రభుత్వం ప్రకటన ఇవ్వగలదు, వీసా ఇవ్వగలదు, రోడ్డు వేయగలదు. గడప దగ్గర నిలబడి "రండి" అని పిలిచే మనిషి మాత్రం ఊళ్ళోంచే రావాలి. ఆ మనిషి మన హాస్టలు పిల్ల ఎందుకు కాకూడదు?

ఆ మరుగుదొడ్డి సంగతి కూడా చెప్పాలి. ఈసారి తాళం లేదు. లోపల నీళ్ళు మాత్రం లేవు. మా ప్రాజెక్టు రిపోర్టులో అది కూడా రాశాను.

నాయిన అడిగిన ప్రశ్నకు జవాబు దొరికిందనే అనుకుంటున్నాను. ఊర్లు తిరగడం చదువు కాదు నాయినా, వచ్చినవాళ్ళకు మన ఊరిని చూపించడం చదువు.

ఈ ఏడాది పదో తరగతి, ఇంటర్ పరీక్షలు రాసే చెల్లెళ్ళందరికీ శుభాకాంక్షలతో,

మీ అక్క,
పూర్వ విద్యార్థిని, ఎం.ఏ. (పర్యాటకం)